నీ ఇంట్లో నేను, నా ఇంట్లో నువ్వు

నా ఇంట్లో, నా మంచం మీద, నా దుప్పటి కప్పుకుని గురకపెడుతున్న స్పానర్‌గాడికి,

నీ ఇంట్లో, నీ సోఫాలో, నీ స్వెట్టర్ తొడుక్కుని వణుకుతున్న సుద్దముక్క రాయునది ఏమనగా: నీకు బుద్ధుందా?

"మోకాళ్ళు పట్టేశాయి, క్రిస్మస్ సెలవులకి ఎక్కడికీ కదలను, టీవీ ముందే పడుంటాను" అని పోయిన ఉత్తరంలో రాసింది నువ్వే కదా? ఆ ముక్క నమ్మేగా, చెప్పాపెట్టకుండా దిగి నిన్ను అదరగొడదామని దేశం కాని దేశం వచ్చాను. తలుపు కొట్టాను. నీ ఆవిడ, మా చెల్లెమ్మ, తీసింది. నన్ను చూసింది, నా పెట్టె చూసింది. లోపలికి రమ్మనడం మానేసి గుమ్మానికి చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు కాస్తా ఏడుపులోకి దిగాక అప్పుడు చెప్పింది, నన్ను అదరగొట్టడానికి నువ్వు ముందురోజే నా ఊరికి విమానం ఎక్కావని.

నేను కూడా ఇంట్లోనే ఉంటానని రాశానంటావు. నిజమే. కానీ నేను రాసింది అబద్ధం, నువ్వు రాసింది మోసం. రెండింటికీ చాలా తేడా ఉంది.

మిల్లు రోజులే నయం. మగ్గాల మోతలో ఒకడి మాట ఒకడికి వినపడక చీటీలు రాసుకునేవాళ్ళం. అయినా తలెత్తితే ఎదురుగా నీ మొహం ఉండేది. నువ్వు మగ్గాలు విప్పి బిగించేవాడివి, నేను నేసిన బట్టలో తప్పులు పట్టి సుద్దముక్కతో గుర్తులు పెట్టేవాణ్ణి. మిల్లు మూతపడింది, నువ్వు లిఫ్టులు బాగుచేస్తానని ఈ చలిలోకి వచ్చిపడ్డావు. మిల్లు మన ఇద్దరికీ ఇచ్చిన ఆస్తి ఈ చెవుడొక్కటే. ఇన్నేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి మొహాలు చూసుకున్నామా? ఈసారి చూసి తీరాలనుకున్నాను. చూస్తున్నాను, గోడ మీద నీ పెళ్ళిఫోటోని.

పండగ రద్దీకి విమానాలన్నీ నిండిపోయాయట. మనవి చవక టికెట్లు కాబట్టి కొత్త సంవత్సరం దాటితే గానీ మార్చరట. ఇప్పుడు ఏం చేద్దామో నువ్వే చెప్పు. 

ఇట్లు,
ఒళ్ళు మండిపోతున్నా చలికి వణుకుతున్న
సుద్దముక్క

తా.క. చెల్లెమ్మ నా పక్కింటి టైలరమ్మకి ఫోన్ చేసి నిన్ను పిలిపించింది. నువ్వు "ఎవరూ?" అని, "ఆఁ? ఆఁ?" అని, చివరికి "మాకేం అక్కర్లేదండీ" అని పెట్టేశావట. కట్టుకున్న భార్యని సబ్బులమ్మే మనిషి అనుకున్నావా? అందుకే ఈ ఉత్తరం, ఎల్లుండికల్లా చేర్చే కొరియర్లో.

---

నా స్వెట్టర్ దొంగకి,

నీ మిత్రుడు స్పానర్ ఆశీర్వదించి రాయునది. ఆశీర్వాదం ఎందుకంటే తిట్లు రాస్తే కాగితం చాలదు.

నేను మోసం చేశానా? నా మోకాళ్ళు నిజంగానే పట్టేశాయి. పట్టేసిన మోకాళ్ళతోనే ఇంత దూరం వచ్చాను. సంచులు మోసుకుంటూ నీ వీధిలోకి తిరిగేసరికి నీ తలుపుకి తాళం వేలాడుతోంది. టైలరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆయన మీ దగ్గరికే పోయాడు కదండీ" అంది. వినపడలేదు. మళ్ళీ అంది. వీధంతటికీ వినపడేలా మూడోసారి అరిచాక నాకు ఎక్కింది. నడిరోడ్డు మీద పెట్టె మీద కూలబడ్డాను. నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది ఆవిడే, తాళంచెవి ఇచ్చిందీ ఆవిడే.

నీ ఇల్లు సంగతి చెబుతాను విను. వీధి తలుపు తీస్తే కిర్రో అని ఒకటే రొద. చెవిటివాణ్ణి, నాకే వినపడిందంటే ఊరికి ఎంత వినపడుతోందో! ఏళ్ళ తరబడి ఆ తలుపుతో ఎలా కాపురం చేశావు? వచ్చిన పూటే మడతబందులు విప్పి, తుడిచి, నూనె పట్టించాను. వెన్నముద్దలా తిరుగుతోంది.

దానికి నాకు దక్కిన బహుమానం ఏమిటో తెలుసా? మర్నాడు పొద్దున స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి నీ ముందుగదిలో వీధి వీధంతా నిలబడి ఉంది. తలుపు నుంచి ఊడబెరికిన గొళ్ళెం ఒకడి చేతిలో ఉంది. పొద్దున్నే నీ తలుపు కిర్రుమంటేనే నువ్వు లేచావని టైలరమ్మకి లెక్కట. కిర్రుమనకపోయేసరికి లోపలున్న మనిషికి ఏదో అయిందనుకుని బాదిందట. నాకు వినపడి చస్తేగా! నన్ను తువ్వాలులో చూసి, "బతికే ఉన్నారా?" అని నా మీదే కోప్పడింది. నూనె తీసేసి తలుపుని మళ్ళీ ఎప్పటిలా చెయ్యాలట. ఇన్నేళ్ళ నా సర్వీసులో బాగున్నదాన్ని చెడగొట్టమని అడిగిన మనిషి ఈవిడొక్కతే.

ఇట్లు,
మిత్రుడి ఇంట్లో మానం పోగొట్టుకున్న
స్పానర్

తా.క. నీ అవస్థ చూడలేకపోతున్నాను గానీ, నా స్వెట్టర్ మోచేతుల దగ్గర సాగదీయకు.

---

తలుపుల హంతకుడికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు.

ఆ తలుపు జోలికి నిన్నెవడు వెళ్ళమన్నాడు? దాని చప్పుడు దానికుంది, ఆ చప్పుడుకి ఒక పనుంది. టైలరమ్మ చెప్పినట్టు నూనె తుడిచేసి ఎలా ఉన్నదాన్ని అలా పెట్టు.

ఇక్కడ నా కథ విను. నీ టీవీలో మాట్లాడేది నాకు అర్థం కాదు, అర్థమైనా వినపడదు. కిటికీలోంచి చూస్తే కోట్లు తొడుక్కున్న జనం పొట్లాలు మోసుకుంటూ పరుగులు. నా గోడు చూడలేక చెల్లెమ్మ తను పనిచేసే లాండ్రీకి తీసుకెళ్ళింది. ఒరేయ్, ఎంత గొప్ప చోటురా అది! గేటు తీయగానే ఆవిరి, గోడవారన వరసగా తిరిగే పెద్ద పెద్ద యంత్రాలు, వాటి మోత నేల గుండా అరికాళ్ళకి తగులుతోంది. మన మిల్లు షెడ్డులోకే వచ్చాననిపించింది. పండగ విందుల కోసం హోటళ్ళ బల్లగుడ్డలు కొండల్లా వచ్చిపడ్డాయి. మరక పోయిందో లేదో చూసి మడతపెట్టేవాళ్ళు సగంమంది సెలవులో ఉన్నారు. చెల్లెమ్మ అక్కడ అజమాయిషీ చేసే మనిషి కదా, తల పట్టుకుంది. నేను స్వెట్టర్ చేతులు పైకి మడిచి బల్ల దగ్గర నిలబడ్డాను. ఎవడూ అడగలేదు. ఎవడూ అడగాల్సిన పనీ లేదు.

ఒక్క తప్పు నా కంటినుంచి తప్పించుకోలేదు. యజమాని వచ్చి నా భుజం తట్టి ఏదో అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకుంటున్నాను.

ఇంట్లో కూడా ఊరుకోలేదు. నీ కర్టెన్లు వంకర, గోడ మీద ఫోటో వంకర, చెల్లెమ్మ కోటుకి చేతుల దగ్గర కుట్టు వంకర. అన్నిటికీ గుర్తులు పెట్టాను. వచ్చాక సరిచేసుకో.

ఇట్లు,
మళ్ళీ ఉద్యోగస్తుడైన
సుద్దముక్క

తా.క. (ఇది నేను రాసేదండీ, మీ ఆవిణ్ణి.) యజమాని భుజం తట్టి అన్నది "ఈయన్ని ఎవరు రానిచ్చారు?" అని. అన్నయ్యగారు ఒక పెద్ద హోటలు వాళ్ళ చేతిరుమాళ్ళన్నీ మరకలున్నాయని పక్కన పడేశారు. అవి మరకలు కావండీ, మూలన కుట్టిన పువ్వులు. కట్టలన్నీ మళ్ళీ విప్పి సర్దేసరికి నా నడుం విరిగింది. ఆయన మాత్రం ఈలవేస్తూ ఇంటికొచ్చారు. నా కోటు మీద సుద్దగీతలు అలాగే ఉన్నాయి, బస్సులో అందరూ చూశారు.

---

నా ఇంటి అతిథి దేవుడికి, దేవుణ్ణి పనికి తీసుకెళ్ళిన నా భార్యామణికి,

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం, ఒకే తిట్టు.

ఇన్నేళ్ళకి మా ఇంటి గడప తొక్కిన మనిషిని హోటళ్ళ ఎంగిలి గుడ్డలు మడతపెట్టే పనిలో పెడతావా? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? ఒరేయ్ సుద్దముక్కా, నువ్వు సోఫాలోంచి లేవకు. వాడికి టీ ఇస్తూ ఉండవే, అదొక్కటే నీ పని.

అసలు నాకు సెలవనేదే లేకుండా పోయింది. తలుపు వార్త పాకి, వీధిలోవాళ్ళంతా మిక్సీలు, ఫ్యాన్లు, కుక్కర్ మూతలు పట్టుకుని నీ అరుగు మీద వరస కట్టారు. టైలరమ్మ తన కుట్టుమిషనే మోయించుకొచ్చింది, తలుపు పాడుచేసినందుకు జరిమానా అట.

ఇవన్నీ ఒక ఎత్తు, నీ ఇల్లొక ఎత్తు. ఎక్కడ చూసినా నీ సుద్దగీతలే! మెట్లకి ప్రతి అంచునా గీత. స్విచ్చుబోర్డు చుట్టూ చట్రం. స్టవ్వు మీద చుక్కలు. బాత్రూం గడప మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గీత. మిల్లులో నీ గీత ఉందంటే అక్కడ తప్పుందని, ఫిట్టరు చూడాలని అర్థం కదా. ఒంటరివాడు, బాగుచేసే దిక్కులేక గుర్తులు పెట్టుకుని కూర్చున్నాడు పాపం అనుకున్నాను. నీకు ఇంతకంటే మంచి పండగ కానుక ఏం ఇస్తాననుకుని స్పానర్ అందుకున్నాను.

ఎంత వెతికినా తప్పు దొరకదే! మెట్టు మీద గెంతి చూశాను, కదల్లేదు. స్టవ్వు విప్పాను, బంగారంలా ఉంది. కానీ నువ్వు గుర్తు పెట్టాక తప్పు లేకుండా ఎలా ఉంటుంది? నిన్ను అనుమానించే ధైర్యం నాకు మిల్లులోనే లేదు. అందుకని స్టవ్వు తిప్పే నాబ్‌లు మార్చేశాను. స్విచ్చుబోర్డుని పాతచోటు నుంచి తీసి అవతలి గోడకి పెట్టాను, అక్కడైతే చేతికి బాగా అందుతుంది. పనంతా అయ్యాక నీ గీతలన్నీ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. ఇప్పుడు వచ్చి చూసుకో, ఒక్క గుర్తు ఉంటే ఒట్టు!

ఇట్లు,
నీ మంచి కోరే
స్పానర్

తా.క. తలుపు మళ్ళీ కిర్రుమంటోంది. నూనె తుడిచి, ఇసక పోసి, తుప్పుపట్టిన మేకు దూర్చి, నానా తంటాలు పడ్డాను. టైలరమ్మ చెవి ఒగ్గి విని, "ఇది ఆ కిర్రు కాదు" అంది.

---

ఒరేయ్,

తుడిచేశావా? అన్నీనా? మెట్ల మీదవి కూడానా?

నిన్ను చెయ్యమన్నదెవరు? ఎవరి ఇంట్లో వాళ్ళు గీతలు గీసుకుంటారు, ముగ్గులు వేసుకుంటారు, అది వాళ్ళ ఇష్టం. నీకు కనిపించిందల్లా విప్పడం, బిగించడం. స్విచ్చుబోర్డు చోటు మార్చావా! ఆ గోడ మీద అది ఎక్కడుందో నా చేతికి తెలుసురా. ఇప్పుడు నేను ఇంటికి వెళ్ళి దీపం ఎలా వేసుకోను? గోడంతా తడుముకోనా?

ఎందుకని అడగకు. అడిగినా చెప్పను. మళ్ళీ ఎలా ఉన్నవాటిని అలా గీసిపెట్టు. సుద్దముక్కలు కిటికీలో డబ్బాలో ఉన్నాయి. అంచు నుంచి అంచుకి గీయాలి, మధ్యలో తెంపకూడదు.

నాకు లాండ్రీకి వెళ్ళే టైమైంది.

ఇట్లు,
సుద్దముక్క

తా.క. (ఏవండీ, ఇది అన్నయ్యగారికి చూపించకుండా కవరులో పెడుతున్నాను.) మీ ఇద్దరి పోట్లాటా చదివి రోజూ నవ్వుకునేదాన్ని. నిన్న నవ్వు రాలేదు. ఇస్త్రీయంత్రంలో కాలి, పిడికిలి దూరేంత చిల్లు పడిన బల్లగుడ్డని అన్నయ్యగారు బల్ల మీద పరిచి, చేత్తో నిమిరి, "బాగుంది" అని మడతపెట్టేశారు. మీరు చెప్పేవారు కదా, దారప్పోగు తప్పినా షెడ్డు ఈ చివర్నుంచి పట్టేస్తాడని. ఆ మనిషండీ!

పక్కకి తీసుకెళ్ళి గట్టిగా అడిగాను. ముందు నా మీద కేకలేశారు. తర్వాత బుట్ట మీద కూర్చుని ఒప్పుకున్నారు. చూపు చుట్టూ నుంచి మూసుకుపోతూ వస్తోందట. మందులతో నెమ్మదిస్తుందే గానీ ఆగదని డాక్టరు చెప్పేశాడట. ఆ గీతలు తప్పులకి కావండీ, ఆయన కాలు జారకుండా. ఆ తలుపు చప్పుడు టైలరమ్మకి ఈయన క్షేమంగా లేచాడని తెలియడానికి. "కళ్ళు పనిచేస్తుండగా వాడి మొహం ఒక్కసారి చూడాలని వచ్చానమ్మా. వాడేమో అక్కడ నా స్విచ్చులు పీకుతూ కూర్చున్నాడు" అన్నారు. నాకు మీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

---

సుద్దముక్కా,

ఇది పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఎందుకని నువ్వూ అడగకు.

నువ్వు మనిషివేనా? పంపు చెడిపోతే రాశావు, పిల్లి పారిపోతే రాశావు, టైలరమ్మ జాకెట్టు కొలతలో గొడవైతే నాలుగు పేజీలు రాశావు. ఈ ఒక్క ముక్క రాయడానికి నీ కలంలో సిరా అయిపోయిందా? నేను నీకు ఏమవుతానురా? 

అరిచి లాభం లేదు. పని చెబుతున్నాను. మెట్ల అంచులకి తెల్ల పెయింటు వేశాను, నీ సుద్దలా చెరిగిపోదు. స్విచ్చుబోర్డు పాతచోటే పెట్టాను, కళ్ళు మూసుకుని గుమ్మం నుంచి నడిచి, చేతికి అందేదాకా సరిచేశాను. ముందు నా తల గోడకి తగిలింది, తగలాల్సిందే. తలుపు దగ్గర టైలరమ్మని కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆవిడ "ఆఁ, ఇదే" అనేదాకా మేకులు మార్చాను.

ఇక టికెట్టు. పొద్దున్నే వెళ్ళి ఆ ఆఫీసులో నిలబడ్డాను. పండగ అన్నారు, ఖాళీ లేదన్నారు, కొత్త సంవత్సరం తర్వాత రమ్మన్నారు. నాకు వినపడదని రాసి చూపించమన్నాను. రాశారు. కనపడదన్నాను. నన్ను వదిలించుకోవడానికి ఎవరో వద్దనుకున్న సీటొకటి ఇచ్చారు. ఎక్కేది రేపే. మధ్యలో ఒకచోట విమానం మారాలి.

నువ్వు ఆ సోఫాలోంచి కదిలావంటే చంపేస్తాను. కూర్చో. కళ్ళకి మందు వేసుకో. వస్తున్నాను.

ఇట్లు,
నీ
స్పానర్

తా.క. నా స్వెట్టర్ నువ్వే ఉంచుకో. సాగితే సాగనీ.

---

స్పానర్‌కి,

దీవెనలు. నీ ఉత్తరం కోసం ఎదురుచూడకుండా నేనే రాస్తున్నాను.

చెల్లెమ్మ నీకు మొత్తం రాసేసిందని చెప్పింది. ఆడవాళ్ళకి ఏదీ దాగదు. నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు జాలిపడి ఉత్తరాల్లో తిట్టడం మానేస్తావని భయం. నాకు మిగిలిన సరదా అదొక్కటే.

నాకు ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు. నిన్ను చూద్దామని వచ్చి నీ కర్టెన్లు చూస్తూ ఎంతకాలం కూర్చోను? చెల్లెమ్మ పుణ్యమా అని వాళ్ళ యజమాని ఎవరితోనో మాట్లాడి నా టికెట్టు ముందుకి జరిపించాడు. నన్ను లాండ్రీ నుంచి పంపించడానికి ఆయన ఎంత ఖర్చైనా పెట్టేలా ఉన్నాడు. రేపే బయల్దేరుతున్నాను. మధ్యలో ఎక్కడో విమానం మారాలట.

నువ్వు మాత్రం నా ఇంట్లోంచి అడుగు బయట పెట్టకు. మోకాళ్ళకి నూనె రాసుకుని పడుకో. నేనే వస్తున్నాను.

ఇట్లు,
సుద్దముక్క

తా.క. (నేనేనండీ, మర్నాడు పొద్దున రాస్తున్నాను.) మీకు ఈ ఉత్తరం అందేలోపే మీరు బయల్దేరి ఉంటారని నా అనుమానం. అన్నయ్యగారికి అదే చెప్పాను. "వాడు నా మాట జవదాటడమ్మా" అన్నారు. మీరు ఎవరి మాటైనా విన్నది ఎప్పుడండీ, చెవులున్న రోజుల్లో మాత్రం? ఆయన పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడ్డారు, టాక్సీ వచ్చేసింది. ఇక మీ ఇష్టం, ఆయన ఇష్టం. నాకు బల్లగుడ్డలున్నాయి.

---

సుద్దముక్కా,

ఈ ఉత్తరానికి కొరియర్ అక్కర్లేదు. రాయడం అవగానే నీ ఒళ్ళో పెడతాను.

విమానం మారే చోట నన్ను దింపేశారు. బయట అంతా మంచు. ఏ విమానమూ ఎగరడం లేదు. జనం పెట్టెల మీద, పేపర్ల మీద, ఎక్కడ పడితే అక్కడ పడుకున్నారు. నాకు ఎంత ఒళ్ళు మండిందో ఏం చెప్పను. నా ఇంటికి చేరేలోపు నువ్వు ఎక్కడ లేచి పోతావోనని గుబులు. కాఫీ అమ్మే చోటుకి, కౌంటర్‌కి మధ్య తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయాయి. చివరికి ఒక పెద్ద దీపం కింద కుర్చీ దొరికితే కూలబడ్డాను.

పక్క కుర్చీలోకి ఒక ముసలాడు వచ్చాడు. కూర్చోబోతూ నా సంచిని మోకాలితో తన్నాడు. సారీ చెప్పలేదు. నేను గుడ్లురిమి చూశాను. చూడలేదు. వంగి కుర్చీ గుడ్డని ముక్కుకి ఆనించుకుని, కుట్టు వెంబడి వేలు నడిపి, "చీ" అన్నాడు. ఈ లోకంలో విమానాశ్రయం కుర్చీకి కూడా వంక పెట్టేవాడు ఎంతమంది ఉంటారురా? అప్పుడు చూశాను, మోచేతుల దగ్గర సాగిపోయిన నా స్వెట్టర్‌ని.

"ఒరేయ్" అన్నాను. వినపడలేదు. గట్టిగా అరిచాను. అవతల ఒక పసిపిల్ల లేచి ఏడ్చింది గానీ నువ్వు తల తిప్పలేదు. భుజం మీద చెయ్యేశాను. నేను చోటు అడుగుతున్నాననుకుని, నన్ను చూడకుండానే విసుక్కుంటూ పక్కకి జరిగావు. జరిగి, అలాగే తల వాల్చి నిద్రపోయావు. వాల్చింది నా భుజం మీదే.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఎవరో కాగితం రుమాలు ఇచ్చి పోయారు. నీ జుట్టంతా నెరిసిపోయిందిరా. నిన్ను కదలొద్దని నేను రాశాను, నన్ను కదలొద్దని నువ్వూ రాసే ఉంటావు. ఒక్కడంటే ఒక్కడైనా చెప్పినమాట వినుంటే ఈపాటికి కలుసుకునేవాళ్ళం కాదు. ఇది మీ చెల్లెమ్మకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నిద్ర లేపబుద్ధి కావడం లేదు. లేచాక దీపం వైపే తిరుగు. మొహం నా దగ్గరగా తెచ్చుకో. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో, కదలను. బట్టతల ఉంది, బొజ్జ ఉంది, ముందు పన్ను ఒకటి లేదు. నీకు తప్పులు బోలెడు దొరుకుతాయి.

ఇట్లు,
నీ పక్క కుర్చీలో
స్పానర్

తా.క. కౌంటర్ అమ్మాయి సీట్లు చూస్తూ వరసలోకి వచ్చింది. నా టికెట్టు, నీ జేబులోంచి లాగిన నీ టికెట్టు ఇచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, మీరు అటు, ఆయన ఇటు కదా అని రాసి చూపించింది. ఇద్దరం ఒకే వైపు అని రాశాను. ఎటువైపు అని రాసింది. ఏ దేశమైనా పర్లేదు, ఒకే విమానమైతే చాలని రాశాను. నవ్వి, చేతిలో మిషన్ మీద ఏదో కొట్టి రెండు కొత్త టికెట్లు ఇచ్చింది. ఎక్కడికో నేనింకా చూడలేదు. కిటికీ పక్క సీటు నీది.